ఉప్పుదొంగ

1987లో మా ఇంట్లో దొంగతనాలు మొదలయ్యాయి. పోతున్నది బంగారమా, వెండా అంటే రెండూ కాదు. ఆవకాయ!

నవ్వకండి. పదకొండు కంచాలు లేచే ఇంట్లో ఆవకాయ అంటే మాటలు కాదు. తెనాలికి ఆరు మైళ్ల దూరంలో మా అత్తవారి ఊరు. మామగారు, అత్తయ్యగారు, మేమిద్దరం, మా పిల్లలిద్దరు, మరిది, ఆయన భార్య, పెళ్లి కావలసిన ఆడపడుచు, మా ఇంట్లో ఉండి చదువుకుంటున్న బంధువుల పిల్లలిద్దరు. వేసవిలో మూడు పెద్ద జాడీల ఆవకాయ, ఒక జాడీ మాగాయ పెట్టి, వాసెన కట్టి, కొట్టుగదిలో దింపామంటే మళ్లీ కొత్త కాయ వచ్చేదాకా దిగులుండేది కాదు. ఆ కొట్టుగది తాళంచెవి పెద్దకోడలి హోదాలో నా దగ్గరుండేది. తాళంచెవి ఉందన్న మాటే గానీ తాళం వేసే అలవాటు లేదు. సొంత ఇంట్లో ఎవరు దొంగిలిస్తారు కనక?

ఆ ఏడు మాత్రం ఆషాఢం వెళ్లకుండానే మొదటి జాడీ అడుగు కనిపించింది. పిల్లల్ని పిలిచి గద్దించాను. పాపం, వాళ్లు బిక్కమొహాలు వేశారు. తర్వాత ఒక మధ్యాహ్నం, ఇల్లంతా కునుకు తీస్తున్న వేళ, మంచినీళ్లకని లేచి వెళ్లేసరికి కొట్టుగదిలో చప్పుడైంది. తొంగి చూస్తే మా తోడికోడలు! జాడీలోకి గరిటె దించి, ఊట తీసి, అరచేతిలో వేసుకుని నాకుతోంది. అన్నం లేదు, ఏం లేదు. ఉత్త ఊట.

నన్ను చూసి చెయ్యి కొంగులో దాచుకుంది. నేనేమీ అనలేదు. అననందుకు గర్వపడ్డాను కూడా. ఆ రోజుల్లో నాకు నా మీద చాలా మంచి అభిప్రాయం ఉండేది లెండి.

మూడేళ్ల క్రితం పెళ్లయి వచ్చినప్పుడు ఆ పిల్ల పసిమిగా, చలాకీగా ఉండేది. ఈ ఏడాదిలోనే ఏమిటో మారిపోయింది. పొద్దున్న ముగ్గు వేసి లేచేటప్పుడు గోడ పట్టుకునేది. పది గంటలకల్లా చాప పరుచుకునేది. పప్పు రుబ్బమంటే సగం రుబ్బి, చెయ్యి పొత్రం మీదే పెట్టి కూర్చునేది. అన్నం సయించదనేది, పెరుగన్నంలోకి మాత్రం గుప్పెడు ఉప్పు కలుపుకునేది. కొంగున కళ్లుప్పు మూట కట్టుకుని, పటికబెల్లం చప్పరించినట్లు ఒక్కో రాయీ నోట్లో వేసుకునేది. మనిషి చిక్కిపోయింది. రంగు చూడబోతే రోజురోజుకీ నల్లబడుతోంది. వచ్చిన ప్రతి చుట్టమూ, "ఏమిటమ్మా ఇలా అయిపోయావ్? ఎండలో తిరుగుతున్నావా?" అనడమే. శనగపిండి రాయమని ఒకరు, మీగడ రాయమని ఒకరు, బావంచాల నూనె అని ఇంకొకరు.

ఓ రోజు అన్నం తిని పెరట్లోకి పరుగెత్తి వాంతి చేసుకుంది. ఇంకేముంది! వాంతులు, ఊరగాయల మీద యావ, నీరసం, మూడు నెలలుగా బయట చేరలేదు. ఈ లెక్క కట్టడానికి వైద్యం చదవాలా? అత్తయ్యగారి మొహం చాటంతయింది. పక్కింటివాళ్లు చింతకాయ పచ్చడి పంపారు. వీధి చివరివాళ్లు నిమ్మకాయ ఊరగాయ పంపారు. ఆ పిల్ల అన్నీ తింది. లేడీ డాక్టరు చూసి అదేం లేదు, రక్తహీనత అని ఒక టానిక్కూ, ఎర్రమాత్రలూ రాసిచ్చింది.

గర్భం కాదని తేలాక ఆ లక్షణాలకే పేర్లు మారిపోయాయి. నిన్నటిదాకా నీరసం అనుకున్నది బద్ధకం అయింది. వేవిళ్లు అనుకున్నవి వేషాలయ్యాయి. ఆవకాయ మీద కోరిక కక్కుర్తి అయింది. మనిషి అదే, జబ్బూ అదే. మన కళ్లే మారాయి.

శ్రావణమాసం వచ్చింది. మామగారికి రక్తపోటు ఎక్కువగా ఉందనీ, ఇంట్లో ఉప్పు తగ్గించమనీ వాళ్ల డాక్టరు చెప్పారు. నాకు మంచి వంక దొరికింది. వరలక్ష్మీ వ్రతం వారం రోజులుందనగా కొట్టుగదికి తాళం వేశాను. ఊరగాయ ఏ పూటకాపూట గిన్నెలోకి తీసి నేనే వడ్డించేదాన్ని. అందరికీ సమానంగానే వడ్డించాను, అబద్ధమెందుకు? వంటింట్లో ఉప్పు మరిక కూడా రాత్రిపూట లోపల పెట్టేసేదాన్ని. ఆ పిల్ల ఒక్క మాట అడగలేదు. నా నడుముకున్న తాళంచెవి వంక మాత్రం చూస్తుండేది.

వ్రతం నాటి ముందు రోజు దానికి ఒళ్లు వెచ్చబడింది. ఊళ్లో అందరికీ వస్తున్న పడిశం జ్వరమే. మా పిల్లలకీ వచ్చింది, రెండు రోజుల్లో లేచి గెంతులేశారు. ఇది మాత్రం రాత్రంతా వాంతులు చేసుకుంది. తెల్లవారుజామున బావి దగ్గరకు వెళ్తూ పడిపోయింది. పట్టుకుంటే చేతులు ఐసులా ఉన్నాయి. నాడి దొరకడం లేదు. తోరాలు, కలశం అన్నీ ఎక్కడివక్కడే వదిలేసి, టాక్సీ మాట్లాడుకుని గుంటూరు పరుగెత్తాం. దారి పొడుగునా దాని తల నా ఒళ్లోనే ఉంది. కూజాలో నీళ్లు నోట్లో పోస్తే పక్కనించి కారిపోతున్నాయి.

అక్కడ చూసిన డాక్టరుగారు పెద్దాయన. రక్తపోటు డెబ్భై కూడా లేదన్నారు. సెలైను పెట్టించి, కనురెప్పలు తీసి చూసి, తర్వాత ఒక వింత పని చేశారు. దాని అరచెయ్యి చాపి, కిటికీ వెలుతురులోకి తిప్పి, గీతలు చూడటం మొదలుపెట్టారు. ఆయుర్దాయం చూస్తున్నారేమో అనుకున్నాను, అంత కంగారులోనూ. గీతలన్నీ సిరాతో దిద్దినట్లు నల్లగా ఉన్నాయి. పెదవి మడిచి చిగుళ్లు చూశారు, వాటి మీదా నల్లమచ్చలు. చిన్నప్పుడు కాలిన మచ్చ మోచేతి దగ్గరుంటే అదీ బొగ్గులా ఉంది.

"ఎండకి నల్లబడిందనుకున్నామండీ," అన్నాను.

"ఎండకైతే అరచేతిలో గీతలూ నోట్లో చిగుళ్లూ నల్లబడవు కదమ్మా," అని, "ఈ అమ్మాయి ఉప్పు ఎక్కువ తింటుందా?" అని అడిగారు.

నా నోట మాట రాలేదు. మా మరిదే చెప్పాడు, ఆవకాయ అంటే పడి చస్తుందండీ అని.

"అదే ఇన్నాళ్లు బతికించింది," అన్నారాయన.

రక్తం తీసి దాచి, వెంటనే హైడ్రోకార్టిసోన్ అనే ఇంజక్షన్ ఇచ్చారు. పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగితే మనిషి దక్కదన్నారు. సీసా తర్వాత సీసా సెలైను ఎక్కింది. సెలైనంటే ఉప్పునీళ్లేనట! నేను తాళం వేసిన వస్తువునే వాళ్లు నరంలోకి ఎక్కిస్తున్నారు. మర్నాడు పొద్దున్న ఆ పిల్ల కళ్లు తెరిచి, "అక్కా, కాఫీ ఉందా?" అంది. అంతకు ముందు ఆరు నెలల్లో అది నోరు తెరిచి ఒకటి కావాలని అడగడం నాకు గుర్తు లేదు.

సరే, అసలు విషయానికొస్తాను. మన నడుము వెనక రెండు మూత్రపిండాలుంటాయి గదా. ఒక్కో మూత్రపిండం నెత్తిన తలపాగా చుట్టినట్లు ఒక్కో చిన్న గ్రంథి ఉంటుంది. పాఠ్యపుస్తకాల్లో అధివృక్క గ్రంథులంటారు, డాక్టర్లు ఎడ్రినల్స్ అంటారు. కుడివైపుది ముక్కోణంగానూ, ఎడమవైపుది నెలవంకలాగానూ ఉంటాయి. ఒక్కోటీ నాలుగైదు గ్రాములు. రెండూ కలిపి తులం తూగవు. ఆ మాత్రం తులానికి లోబడే ఉంది మన పెత్తనమంతా.

పైన పసుపుపచ్చగా ఉండే పొరని వల్కలం అంటారు. లోపల ఎర్రమట్టి రంగులో ఉండే భాగం దవ్వ. ఒకే ఇంట్లో రెండు కాపురాలన్నమాట. పొయ్యిలు వేరు, పనులు వేరు.

దవ్వలోంచి వచ్చేదే అందరికీ తెలిసిన ఎడ్రినలిన్. గోడమీది బల్లి చేతిమీద పడిందనుకోండి, మన ఒంట్లో జరిగే గలాభా అంతా దానిదే. గుండె దడదడ, నోరు పిడచ, కంటిపాప పెద్దది, కాలేయంలో దాచిన చక్కెర రక్తంలోకి, కడుపులో అరుగుదల ఆగి ఆ రక్తమంతా కాళ్లూచేతుల కండరాలకి. పెళ్లివారు చెప్పాపెట్టకుండా దిగితే వంటింట్లో పని వదిలేసి ఇల్లంతా వీధిగుమ్మంలోకి వచ్చినట్లు. క్షణాల్లో వస్తుంది, కొద్ది నిమిషాల్లో పోతుంది. సినిమాలవాళ్లూ ఆటగాళ్లూ దీని పేరు తెగ చెప్పుకుంటారు గానీ, తమాషా ఏమిటంటే ఈ దవ్వ పనిచెయ్యకపోయినా మనిషి బతికేస్తాడు. దాని పని చాలామటుకు నరాలు చేసుకుపోతాయి. పైనున్న వల్కలం పోతేనే ప్రాణం మీదికొస్తుంది. పేరొకరిది, చాకిరీ ఒకరిది. ఏ ఇంట చూసినా ఉన్నదేగా!

ఆ వల్కలంలో మళ్లీ మూడు వరసలు. అన్నిటికంటే పైవరస ఆల్డోస్టిరోన్ అనేదాన్ని తయారుచేస్తుంది. దాని ఉద్యోగం ఉప్పు కాపలా. మూత్రపిండాలు రోజుకి దాదాపు 180 లీటర్ల నీటిని రక్తంలోంచి వడగడతాయట. ఆ నీళ్లతో పాటు కిలోకి పైగా ఉప్పు బయటకొస్తుంది. అంతా మూత్రంలో పోతే మన పని గోవిందా! అందుకని దాదాపు మొత్తం మళ్లీ లోపలికి పీల్చుకుంటాయి. ఆ పీల్చుకోవడంలో ఆఖరి వాటా, ఎంత ఉంచాలి, ఎంత వదలాలి అన్నది ఈ ఆల్డోస్టిరోన్ చెప్పినట్లు జరుగుతుంది. అది లేకపోతే ఉప్పు కారిపోతూనే ఉంటుంది, దాని వెంట నీళ్లూ పోతాయి, రక్తపోటు పడిపోతుంది. ముగ్గు వేసి లేచినప్పుడు గోడ పట్టుకున్నది అందుకే. ఒళ్లు తనకేం కావాలో తెలుసుకుని, జాడీ దగ్గరకు నడిపించింది.

రెండో వరసది కార్టిసోల్. నాకు దీనిమీద ప్రత్యేకమైన అభిమానం. ఇది పెద్దకోడలు లాంటిది. తెల్లవారుజామున మూడు నాలుగు గంటలకి, మనం ఒత్తిగిలి పడుకునేవేళ, రక్తంలో పెరగడం మొదలుపెడుతుంది. మనం లేచేవేళకి బాగా ఎక్కువగా ఉంటుంది. పగలంతా తగ్గుతూ వచ్చి అర్ధరాత్రికి అట్టడుక్కి చేరుతుంది. పస్తున్నప్పుడు చక్కెర పడిపోకుండా చూడటం, రక్తనాళాల బిగువు నిలబెట్టడం, ఒంట్లో వాపులూ మంటలూ హద్దు మీరకుండా అణచడం, జ్వరం గానీ దెబ్బ గానీ ఆపరేషన్ గానీ వస్తే తట్టుకునేందుకు మామూలు కంటే ఎన్నో రెట్లు ఉత్పత్తి చెయ్యడం, ఇవన్నీ దాని పనులు. ఉన్నన్నాళ్లూ ఉన్నట్లే తెలియదు. మా పిల్లలు పడిశం జ్వరం నించి లేచి గెంతారంటే అది వాళ్ల గ్రంథుల చలవ. దానికి ఆ అవకాశం లేదు. మూడో వరస ఆడవాళ్లలోనూ మగవాళ్లలోనూ కొన్ని పురుష హార్మోన్ల ముడిసరుకు చేస్తుంది. మన కథకి దాంతో పెద్ద పని లేదు.

మరి రంగు సంగతి? అదీ చెప్తాను, నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించింది అదే. మెదడు కింద శనగగింజంత పీయూష గ్రంథి ఉంటుంది. కార్టిసోల్ తగ్గినప్పుడల్లా అది ఏసీటీహెచ్ అనే హార్మోన్‌తో కిందికి ఉత్తరం రాస్తుంది, "సరుకు పంపించు" అని. సరుకు చేరితే ఉత్తరాలు ఆపేస్తుంది. అడ్రసులో గ్రంథే లేకపోతే? జవాబు రాదు. రాకపోతే మళ్లీ రాస్తుంది, మళ్లీ రాస్తుంది, సంచుల కొద్దీ రాస్తుంది. చిక్కు ఏమిటంటే, ఈ ఏసీటీహెచ్‌కీ, చర్మానికి రంగునిచ్చే కణాలను మేలుకొలిపే హార్మోన్‌కీ తల్లి ఒక్కటే, పోలికలూ అవే. పోస్టుమాను పక్కింట్లో పడేసిన ఉత్తరాన్ని ఆ పక్కింటివాళ్లు తమదేననుకుని అమలు చేసినట్లు, చర్మం రంగు తయారుచేస్తూ పోతుంది. రాపిడి తగిలే చోట్ల, గీతల్లో, మచ్చల్లో, చిగుళ్లలో మరీ ఎక్కువ. లోపల గ్రంథులు కేకలు పెడుతుంటే మేం పైన శనగపిండి రాశాం.

ఈ జబ్బుని మొదట కనిపెట్టి రాసినాయన థామస్ ఎడిసన్ అని, లండన్ గైస్ హాస్పిటల్ డాక్టరు. కరెంటు బల్బు ఎడిసన్ కాదండోయ్, ఈయన వేరు. 1855లో పదకొండు మంది రోగుల కథ చెప్తూ పుస్తకం వేశారు. నీరసం, కడుపులో తిప్పట, ఒళ్లు నల్లబడటం, చివరకు చావు. చనిపోయాక కోసి చూస్తే ఈ గ్రంథులు పాడైపోయి ఉండేవి. అంతవరకూ ఇవి ఎందుకున్నాయో ఎవరికీ తెలియదు. మర్నాడే అన్నట్లు, 1856లో బ్రౌన్ సెకార్ అనే ఆయన జంతువుల్లో వీటిని తీసేస్తే అవి బతకవని చూపించారు. కనిపెట్టారు గానీ మందు మాత్రం దాదాపు వందేళ్ల దాకా లేదు. కార్టిసోన్‌ను తయారుచేసి మనుషులకివ్వడం 1948 ప్రాంతంలో మొదలైంది. ఆ పని చేసిన కెండాల్, హెంచ్, రైక్‌స్టైన్ ముగ్గురికీ 1950లో నోబెల్ బహుమతి వచ్చింది. అమెరికా అధ్యక్షుడు కెన్నెడీకి కూడా ఇదే జబ్బు. 1947లో లండన్‌లో బయటపడింది. ఎన్నికల్లో ఆ సంగతి పొక్కనివ్వలేదు. ఆయన ఒంటి రంగు చూసి ఆరోగ్యంగా ఎండలో తిరిగి వచ్చాడనుకునేవారట. అక్కడా ఎండే, ఇక్కడా ఎండే!

ఇదంతా నాకు డాక్టరుగారు చెప్పింది కొంతా, తర్వాత మా అమ్మాయి మెడిసిన్‌లో చేరాక దాని పుస్తకాల్లోంచి చదివించుకున్నది కొంతా. అది సెలవులకి వచ్చినప్పుడు ఒక రాత్రి ఇంకో సంగతి చెప్పింది. 1940లో విల్కిన్స్, రిక్టర్ అనే ఇద్దరు ఒక మూడున్నరేళ్ల పిల్లవాడి గురించి రాశారట. బాల్టిమోరులో జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రి. ఆ పిల్లవాడు ఏడాది వయసు నించీ బిస్కట్ల మీది ఉప్పు నాకేసి బిస్కట్టు పడేసేవాడు. ఉత్త ఉప్పు తినేవాడు. వాడికి వచ్చిన మొదటి మాటల్లో 'ఉప్పు' అన్నది ఒకటి. ఏదో పరీక్షల కోసమని ఆసుపత్రిలో చేర్చి, అందరు పిల్లలకీ పెట్టే మామూలు భోజనం పెట్టారు. ఏడు రోజుల్లో పోయాడు. పోయాక చూస్తే ఎడ్రినల్స్ చెడిపోయి ఉన్నాయి. ఆ రిక్టరే అంతకు ముందు ఎలకలకి ఈ గ్రంథులు తీసేసి, ఒక గిన్నెలో మంచినీళ్లు, ఒక గిన్నెలో ఉప్పునీళ్లు పెడితే, అవి వెతుక్కుని ఉప్పునీళ్లే తాగి బతికాయని చూపించి ఉన్నాడు.

"అందరికీ పెట్టే మామూలు భోజనం" అన్న ముక్క దగ్గర నేను ఇక చాల్లే అని లేచి వెళ్లిపోయాను. అందరికీ సమానంగానే వడ్డించాను అన్నాను చూశారూ, ఆ మాట గుర్తొచ్చింది.

మళ్లీ గుంటూరుకి వస్తాను. కబురందుకుని దాని పుట్టింటివాళ్లు దిగారు. చిన్నప్పుడు క్షయ వచ్చిందా అని డాక్టరుగారు తల్లిని అడిగారు. మన దేశంలో ఈ గ్రంథులు పాడవడానికి ఒక ముఖ్య కారణం క్షయేనట. ఎప్పుడో ఊపిరితిత్తులకు వచ్చి తగ్గినట్లే తగ్గి, ఆ క్రిమి రక్తంలో వెళ్లి వీటిలో తిష్ట వేస్తుంది, ఏళ్ల తరబడి కొరుక్కుతింటుంది. చల్లని దేశాల్లోనైతే ఒంటి రక్షణశక్తే పొరపాటున తన గ్రంథుల్ని తనే పాడుచేసుకోవడం ఎక్కువట. పదింట తొమ్మిది వంతులు పోయేదాకా బయటకి ఏమంత తెలియదు. ఎక్స్‌రేలో మూత్రపిండాల పైన సున్నం చుక్కల్లా కనిపిస్తున్నాయి కూడానూ.

ఆవిడ భోరున ఏడ్చేసింది. పద్నాలుగో ఏట వచ్చిందనీ, మందులు వాడామనీ, సంబంధం తప్పిపోతుందని దాచామనీ. అందరం అత్తయ్యగారి వైపు చూశాం. ఇహ చూడాలి, ఆసుపత్రి పైకప్పు లేచిపోతుంది అనుకున్నాను. ఆవిడ పమిట సర్దుకుని, "పెళ్లిచూపుల్లో మావాడికి ఉబ్బసం ఉందని మేం మాత్రం చెప్పామా వదినా? ఊరుకోండి," అన్నారు. మా అత్తయ్యగారిని ముప్ఫై ఏళ్లు చూశాను గానీ ఆ రోజంత పెద్దగా ఎప్పుడూ కనిపించలేదు.

క్షయకి మందులు మళ్లీ మొదలుపెట్టారు. కానీ పోయిన గ్రంథి తిరిగి రాదు, దాని పని మాత్రలతో చెయ్యాల్సిందే, జన్మంతా. అప్పట్లో ప్రెడ్నిసొలోన్ ఇచ్చారు. పొద్దున్న లేవగానే ఎక్కువ, సాయంత్రం తక్కువ, ఒంట్లో కార్టిసోల్ ఎలా పెరిగి తగ్గుతుందో అలాగన్నమాట. ఉప్పుని నిలబెట్టే ఫ్లూడ్రోకార్టిసోన్ మాత్ర మాకు తర్వాతెప్పుడో గానీ దొరకలేదు. అందాకా డాక్టరుగారు చీటీ మీద మూడో మందుగా ఏం రాశారో తెలుసా? ఉప్పు. రోజూ మజ్జిగలో రెండు చెంచాలు, ఊరగాయలు అడ్డులేకుండా. ఆ చీటీ చాలాకాలం మా కొట్టుగది తలుపు లోపలివైపు అంటించి ఉండేది.

ఇంకో మాట మరీమరీ చెప్పారు. జ్వరం వస్తే మాత్ర రెట్టింపు చెయ్యాలి, ఎందుకంటే మామూలు మనిషి గ్రంథులు అప్పుడు ఎక్కువ పనిచేస్తాయి, ఈమెవి చెయ్యలేవు. వాంతులై మాత్ర నిలవకపోతే ఆలస్యం చెయ్యకుండా ఇంజక్షన్. ఒక్క రోజు కూడా మాత్ర మానకూడదు, ఉపవాసమైనా సరే, ఏకాదశైనా సరే. సంచిలో ఎప్పుడూ జబ్బు పేరు రాసిన కార్డు ఉండాలి.

ఆరు నెలల్లో రంగు తిరిగింది. వీధిలో ఆడవాళ్లు ఏం పూసుకుంటున్నావని చాటుగా అడిగారు. 1991లో కొడుకు, తర్వాత కూతురు. పురుడు పోసేటప్పుడు కూడా హైడ్రోకార్టిసోన్ సీసా పక్కనే వేలాడుతూ ఉంది.

ఇక్కడ ఒక పిడకలవేట. తర్వాత కొన్నాళ్లకి అత్తయ్యగారు మోకాళ్ల నొప్పులకని ఎవరి దగ్గరో చిన్న తెల్లమాత్రలు తెచ్చుకుని వాడారు. నొప్పి మాయం, ఆకలి బాగా వేస్తోంది, మొహం గుండ్రంగా నిగనిగలాడుతోంది. చీటీ చూస్తే మా తోడికోడలు మాత్రే! దానికి లేనిది అది తింటోంది, ఈవిడకి ఉన్నదాని మీద ఈవిడ తింటున్నారు. బయటనించి సరుకు దండిగా వస్తుంటే పీయూష గ్రంథి ఉత్తరాలు మానేస్తుంది. ఉత్తరాలు లేక ఎడ్రినల్స్ నిద్రపోతాయి. ఆ మాత్రలు టక్కున మానేస్తే లేచి పనిచెయ్యడానికి వాటికి నెలలు పడుతుంది, ఈలోగా మనిషి కుప్పకూలిపోవచ్చు. డాక్టరు దగ్గర నెలల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ మానిపించాం. ఆవిడ మాత్రం హాయిగా ఉన్నదాన్ని చెడగొట్టారని మమ్మల్ని తిడుతూనే ఉండేవారు. మీ ఇళ్లల్లో నెలల తరబడి అలాంటి మాత్ర వాడేవాళ్లుంటే, సొంతంగా మొదలుపెట్టనూ వద్దు, సొంతంగా ఆపనూ వద్దు. ఈమధ్య ఫోన్లలో 'ఎడ్రినల్ అలసట' అని ఏవో పొడులు అమ్ముతున్నారు కూడా. ఆ గ్రంథుల వైద్యం తెలిసిన డాక్టర్లు అలాంటి జబ్బు ఉందని ఒప్పుకోరు. అలసిపోయిన ఆడవాళ్లందరికీ ఒక పొడి అమ్మేస్తే పోలా అన్న ఎత్తు. నిజంగా గ్రంథులు చెడితే రక్తపరీక్షలో తెలుస్తుంది. పొద్దున్నే కార్టిసోల్ చూసి, ఏసీటీహెచ్ సూది వేసి, మళ్లీ అరగంటకీ గంటకీ చూస్తారు.

ఇప్పుడు మామగారూ అత్తయ్యగారూ లేరు. పల్లెటూరి ఇల్లు అమ్మేశాం. నేను గుంటూరులో, మా తోడికోడలు హైదరాబాదులో కొడుకు దగ్గర. దానికి అరవై దాటాయి. రోజూ పొద్దున్నే మాత్ర వేసుకుని, నడకకి వెళ్లొచ్చి, నాకు ఫోన్ చేస్తుంది.

తాళం సంగతి మేమిద్దరం ఏనాడూ ఎత్తలేదు. మూడేళ్ల క్రితం వాళ్ల మనవడి అన్నప్రాసన నాటి రాత్రి పక్కపక్కన పడుకుని పాత కబుర్లు చెప్పుకుంటుంటే నా నోట వచ్చేసింది. "ఆ వారం నిన్ను చంపేసేదాన్నే," అన్నాను.

అది కాసేపు మాట్లాడలేదు. తర్వాత నవ్వింది.

"గేదెల పాకలో కుడితిలోకని రాళ్ల ఉప్పు బస్తా ఉండేది చూడక్కా, దానికి నువ్వు తాళం వెయ్యలేదు. సాయంత్రం చీకటి పడ్డాక వెళ్లి కొంగున కట్టుకొచ్చుకునేదాన్ని. గేదె నావంక చూసేది, నేను దానివంక చూసేదాన్ని. ఎవరైనా వస్తారేమోనని భయమేసి ఎక్కువ తెచ్చుకోలేకపోయాను."

నేను దాని చెయ్యి పట్టుకున్నాను. చీకట్లో అరచేతి గీతలు కనిపించవు గదా.

నాకు ఇప్పుడు రక్తపోటు. డాక్టరు ఉప్పు తగ్గించమన్నారు, ఊరగాయలు మానెయ్యమన్నారు. అయినా వేసవి రాగానే కాయ కొట్టించి, ఆవ విసిరించి, ఒక జాడీ పెట్టి బస్సులో పంపిస్తూనే ఉన్నాను. ఈ ఏడు పంపిన నాలుగో రోజున ఫోన్ చేసింది.

"ఆవకాయ అందిందక్కా. ఊట బాగా దిగింది. కానీ ఉప్పు తగ్గించావు కదూ?"

"నా మొహం, ఎప్పటి కొలతే వేశాను," అన్నాను. నిజానికి చెయ్యి వెనక్కి లాగిన మాట వాస్తవం.

"తగ్గింది," అంది. "నాకు తెలీదా?"

రెండు గుప్పెళ్లు కళ్లుప్పు వేయించి, దంచి, పొట్లం కట్టి మర్నాటి బస్సుకి పంపించాను.